'తిన్నవా' అని అడగని ఇల్లు

ఆకలితో ఉన్న మనిషిని ఆపి 'తిన్నారా?' అని అడిగితే నిజమే చెబుతారని మీరు నమ్ముతున్నారా? నమ్మేటట్లయితే, ఆకలిని దాచుకోవలసిన అవసరం మీకు ఎన్నడూ రాలేదన్నమాట. నమ్మకుండానే అడుగుతుంటే మాత్రం, జవాబు మీకు అక్కర్లేదన్నమాట.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు. మొదటి నుంచీ అలా లేదు. నేను ఆరో తరగతి చదువుతుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా నానమ్మ దాన్ని నిషేధించింది. నిషేధానికి కారణం నేను. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు చెప్పవలసి వస్తోందో చివర రాస్తాను.

వరంగల్ కొత్తవాడలో మాది మగ్గం ఉన్న ఇల్లు. కింద ముందుగదిలో నాన్న జంపఖానాలు నేసేవారు. పైన రేకుల కప్పు కింద రెండు గదులుండేవి. రెండో మంచానికి చోటు లేనంత చిన్నవి. వాటిని చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిచ్చేవాళ్ళం. యూనివర్సిటీ మాకు దగ్గరేమీ కాదు. దాని చుట్టుపక్కల అద్దెలు భరించలేనివాళ్ళు, హాస్టల్లో సీటు దొరకనివాళ్ళు, రోజూ రెండేసి ఆటోలు మారడానికి సిద్ధపడి మా వైపు వచ్చేవాళ్ళు. అంత చవకగా ఇచ్చినా నాన్న ఒక షరతు పెట్టేవారు: కరెంటు పొయ్యి వాడకూడదు, బిల్లు తట్టుకోలేం. ఆ షరతులో తప్పేమీ లేదని అప్పుడు మా ఇంట్లో అందరమూ అనుకున్నాం.

ఆ ఏడు మెట్ల పక్క గదిలో నెక్కొండ నుంచి వచ్చిన అక్క ఉండేది. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. వాళ్ళకు కొద్దిగా పొలం ఉంది. పదిహేను రోజులకొకసారి ప్యాసింజర్ రైల్లో వెళ్ళి ఇంటి బియ్యం మూట తెచ్చుకునేది. మూల గదిలో స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన అక్క ఉండేది. లెక్కలు చదివేది. వాళ్ళ అబ్బాజాన్‌ది టైలరింగ్ దుకాణం. పొలం లేదు కాబట్టి బియ్యం కొనుక్కోవాలి. గ్యాస్ మాత్రం వాళ్ళ అన్న నింపించి తెచ్చి ఇచ్చి పోయేవాడు. ఇద్దరి గదులకూ మధ్య ఒకే గోడ. దాన్ని వేలితో తడితే అవతలికి వినిపిస్తుంది.

మా నానమ్మకు ఒక అలవాటుండేది. మెట్లు దిగే ప్రతి ఆడపిల్లనూ "ఏం కూర బిడ్డా?" అని అడిగేది. మా వైపు అది పలకరింపు. బస్టాండులో ఎదురైన చుట్టాన్నైనా, వీధి చివర కనబడ్డ పొరుగింటామెనైనా అలాగే పలకరిస్తారు. ఆ అక్కలు కూడా ఆగకుండానే 'టమాట' అనో 'పప్పు' అనో చెప్పి ఆటో కోసం పరుగెత్తేవాళ్ళు. సాయంత్రం తిరిగి వచ్చాక ఒకరినొకరు 'తిన్నవా?' అని అడుక్కునేవాళ్ళు. 'తిన్న' అని ఇద్దరూ అనేవాళ్ళు. నేను మెట్ల మీద కూర్చుని ఇంటిపని రాసుకుంటూ ఆ మాటలు ఎన్నిసార్లు విన్నానో.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ వయసులో నాకు నిజం చెప్పడమంటే పిచ్చి. నిజానికి నిజం మీద ప్రేమ కంటే, ఎదుటివాళ్ళ మాటలో పొరపాటు పట్టుకోవడంలోని ఆనందమే నాకు ఎక్కువ. మా టీచర్లు విసుక్కునేవాళ్ళు. నాన్న మురిసిపోయేవారు. నానమ్మకు మాత్రం నా మీద గట్టి అనుమానమే ఉండేది.

ఆ ఆదివారం పొద్దున మిరపకాయలు ఎండబోయడానికి పైకి వెళ్ళాను. నెక్కొండ అక్క గది తలుపు తీసి ఉంది. ఆమె పంపు దగ్గర బట్టలు ఉతుకుతోంది. లోపల పొయ్యి మంచం కిందికి నెట్టి ఉంది. చిన్న సిలిండర్ గోడ పక్కన అడ్డంగా పడుకోబెట్టి ఉంది. గ్యాస్ అయిపోతే మా అమ్మ కూడా సిలిండర్‌ను అలాగే పడుకోబెట్టి ఆఖరి మంట సాధిస్తుంది కాబట్టి నాకు విషయం అర్థమైంది. అర్థమైందనే గర్వంతోనే కిందికి దిగాను.

మధ్యాహ్నం మగ్గం ఆగింది. నూలు కోసం వచ్చిన పక్కింటి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. ఘన్‌పూర్ అక్క మెట్ల మీద తల ఆరబెట్టుకుంటోంది. నెక్కొండ అక్క కిందికి వచ్చింది.

"ఏం కూర బిడ్డా?" అంది నానమ్మ.

"బెండకాయ నానమ్మా. మంచిగైంది."

"అబద్ధం!" అన్నాను నేను. అందరూ నా వైపు తిరిగేదాకా ఆగాను కూడా. "పొయ్యి మంచం కింద ఉంది. సిలిండర్ పండవెట్టి ఉంది. కూర ఎట్లైతది?"

అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ నేను అంత పకడ్బందీగా వాదించిన గుర్తు లేదు. రెండు సాక్ష్యాలు, ఒక నిర్ధారణ. ప్రతిపక్షం నుంచి జవాబు లేదు. నెక్కొండ అక్క ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. పక్కింటి అత్తమ్మ నూలు కండెల వంక చూడడం మొదలుపెట్టింది. అక్క పైకి వెళ్ళిపోయింది.

నానమ్మ నా వైపు తిరిగింది. "నీది నోరా, మగ్గమా? మగ్గమన్న మీ నాయిన ఆపితే ఆగుతది."

"నేను నిజమే చెప్పిన కద!" అన్నాను.

"చెప్పినవ్. ఎవ్వలకు పనికొచ్చింది?"

అయినా నా పక్షాన న్యాయం ఉందనే అనుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు, ఆడింది ఆమె.

కొంతసేపటికి నెక్కొండ అక్క మళ్ళీ దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో బియ్యం మూట, భుజానికి పుస్తకాల బ్యాగు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె ఎన్నడూ పుస్తకాలు పట్టుకెళ్ళదు. ఆఖరి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి.

"ఏడికి పోతానవ్ బిడ్డా?"

"ఇంటికి పోతాన నానమ్మా. రెండు గంటల ప్యాసింజర్ ఉంది. మళ్ల రాను. గది ఎవ్వలకన్న ఇయ్యిన్రి."

"పరీక్షలు?"

"ఇంట్ల చదువుకుంట." ఆ గొంతు విన్న ఎవరికైనా ఆమె ఇక చదవదని తెలుస్తుంది. ఇంటికి వెళితే పొలం పని ఉంటుంది, ఆ తరువాత ఇంకేదో ఉంటుంది.

నానమ్మ లేచి ఆమెను ఆపలేదు, బతిమాలలేదు. "ఆ మూట బరువున్నట్టున్నది. ఒక్క నిమిషం దించు" అంది. దించగానే మూట మూతి విప్పి చెయ్యి లోపల పెట్టింది. మంచి సన్న బియ్యం, సగానికి పైగా ఉన్నాయి. నానమ్మ ఆ గింజలను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"బియ్యం ఉన్నయి గద బిడ్డా. మరి ఎన్ని దినాలసంది తింటలేవు?"

అక్క నేల చూపులు చూసింది. గ్యాస్ అయిపోయి అయిదు రోజులైందట. మళ్ళీ నింపించాలంటే ఇంటి నుంచి డబ్బు రావాలి. వచ్చిన డబ్బు పరీక్ష ఫీజుకు పోయింది. పొద్దున యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఒక టీ, రెండు బిస్కెట్లు. సాయంత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు. గదిలో బియ్యం మూట ఉంది, వండుకోవడానికి మంట లేదు. కరెంటు పొయ్యి పెట్టుకుంటే పని జరిగేది. మా షరతు ఒప్పుకోదు. ఆ మాట ఆమె అనలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న నాన్న తల వంచుకున్నారు.

అప్పుడు నానమ్మ మెట్ల మీదికి చూసింది. "ఓ బిడ్డా, నీది ఏం కూర?"

"పప్పు నానమ్మా" అంది ఘన్‌పూర్ అక్క. "మంచిగైంది."

నానమ్మ లేచింది. మెల్లగా మెట్లెక్కింది, వెనకే నేనూ వెళ్ళాను. మోకాళ్ళ నొప్పితో ఏడాదిగా పైకి వెళ్ళని మనిషి. తిన్నగా మూల గదిలోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. డబ్బా అడుగున గింజ లేదు. పక్కన సిలిండర్ నిండుగా ఉంది. లేపి చూస్తే బరువు తెలిసింది. ఘన్‌పూర్ అక్క వారం రోజులుగా పప్పు నీళ్ళు కాచుకుని, దాంట్లో బన్ను ముంచుకుని తింటోందట.

నానమ్మ అక్కడే, రెండు గదుల మధ్య, గడప మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. అందరినీ తిట్టింది. ముందు తనను తాను తిట్టుకుంది. "వారం దినాలసంది అడుగుతాన. ఒక్కనాడన్న ఉప్పు ఎక్కువైందన్నరా? మాడిందన్నరా? మంచిగైంది, మంచిగైంది! తిన్నోళ్ళు ఎవ్వలన్న రోజూ మంచిగైందంటరా? కడుపు నిండినోళ్ళు కూరకు వంక వెడ్తరు. నాకు అప్పుడే తెల్వాలె. ముసలిదాన్నైన, బుద్ధి మొద్దువారింది."

తరువాత వాళ్ళ మీద పడింది. "ఒకతికి బువ్వ లేదు, ఒకతికి పొయ్యి లేదు. నడిమిట్ల గీ గోడ. రోజూ 'తిన్నవా' అంటే 'తిన్న'. సిగ్గుండాలె! ఇగ ఆ మాట నా ఇంట్ల ఇనబడొద్దు. అబద్ధం చెప్పుమని అడిగినట్టే ఉన్నది ఆ మాట."

నెక్కొండ అక్క మాత్రం మెట్ల కింద మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. "అన్నం గురించి కాదు నానమ్మా. నలుగురి ముందట..." అని ఆగిపోయింది. నన్ను చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

నానమ్మ అప్పుడు ఒక పని చేసింది. ఆ పద్ధతిని నేను ఇప్పటికీ పూర్తిగా సమర్థించలేను. నన్ను వేలితో చూపించి, అందరికీ వినబడేలా అంది: "ఈ నిజాల పిల్ల ముచ్చట జెప్తా ఇనున్రి. రోజూ బడిల 'జామెట్రీ బాక్సు ఇంట్ల మర్చిపోయిన టీచర్' అని చెప్తదట. నెల దినాలు. టీచరమ్మ అంగట్ల కలిసి నాకు చెప్పింది. మర్చిపోవటానికి అసలు బాక్సు ఉంటె గద!"

నా చెవులు కాలిపోయాయి. జంపఖానాలకు గిరాకీ లేని రోజులవి. నాన్నను బాక్సు అడగకూడదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. నాన్న ఇప్పుడు కింద నిలబడి వింటున్నారు. మెట్ల మీద నుంచి దూకి ఎటైనా పారిపోవాలనిపించింది. ఏడుపు ఆపుకోవడానికి గోడ పట్టుకున్నాను. ఒక్క నిమిషంలో నాకు అర్థమైంది, నేను పొద్దున నుంచి మోసుకుని తిరిగిన సాక్ష్యం బరువెంతో.

"ఊకో నానమ్మా! చిన్నపిల్ల" అంది ఒక గొంతు.

నెక్కొండ అక్క. మూట వదిలేసి మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. "నువ్వు గూడనా?" అని చెవిలో అడిగింది. నేను తలూపాను. ఆమెకు నవ్వొచ్చింది. అయిదు రోజులుగా సరిగ్గా తినని మనిషి అంత గట్టిగా ఎలా నవ్విందో నాకు తెలియదు. ఘన్‌పూర్ అక్క తన గదిలోకి వెళ్ళి, మూత సొట్టపడిన పాత బాక్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది ఇంటర్ల కొన్నది. ఊకెనే పడున్నది. వృత్తలేఖిని జర లూజు, పేపర్ ముక్క పెట్టి బిగించుకో" అంది. రెండు గంటల ప్యాసింజర్ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం కింద వసారాలో మా పెద్ద గంజు పెట్టారు. బోనాలప్పుడు తప్ప అటక మీద నుంచి దించని వంటగిన్నె అది. సిలిండర్ మూల గదిది, బియ్యం మెట్ల పక్క గదివి. ఇద్దరికీ మనమే ఇంత అన్నం పెడితే పోయేది కదా అని అమ్మ అంది. నానమ్మ ఒప్పుకోలేదు. "మనం పెడ్తె ఇయ్యాల తింటరు. రేపు మొహమాటపడి మళ్ల 'తిన్న' అంటరు. వాళ్ళది వాళ్ళే వండుకోని. మనం గంజు ఇద్దాం, జాగ ఇద్దాం" అంది. అప్పటి నుంచి అన్నం ఒక్కటే, కూర ఎవరిది వాళ్ళది. నెల తిరగక ముందే ఎదురింటి మేడ మీది అమ్మాయిలు కూడా గ్లాసుతో బియ్యం పట్టుకుని రావడం మొదలుపెట్టారు. వేరు వేరు గదుల్లో వేరు వేరు మంటల మీద కాలిపోయే గ్యాస్, ఒక్క మంట మీద అందరికీ సరిపోయింది. ఇది తెలియడానికి ఎవరికీ ఎమ్మెస్సీ అక్కర్లేదు. తెలియకపోవడానికి మాత్రం ఒక్క అబద్ధం చాలింది.

ఆ మొదటి రోజు ఎసరు తానే పెట్టిన నానమ్మ, అందరూ తింటుండగా అలవాటు కొద్దీ అడిగింది. "ఎట్లున్నది బిడ్డా?"

నెక్కొండ అక్క ముద్ద మింగి, కాస్త ఆలోచించి, "అన్నం మెత్తగైంది నానమ్మా. నీళ్ళు ఎక్కువ పోసినవ్" అంది.

"ఇగో" అంది నానమ్మ, ఏదో పెద్ద వరం దొరికినట్టు. "ఇప్పుడు తిన్నది పిల్ల."

అక్క పరీక్షలు రాసింది. ఇప్పుడు ఒక ఊళ్ళో ఫిజిక్స్ చెబుతోంది. నానమ్మ పోయి కొన్నేళ్ళైంది. ఆ పై గదులు ఇప్పటికీ అద్దెకే ఇస్తున్నాం. కరెంటు పొయ్యి షరతు నాన్న ఆ వారమే తీసేశారు.

ఇక ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో చెబుతాను. నేను పరిశోధన చేస్తున్న చోట, పోయిన నెల ఒక సమావేశం జరిగింది. గది అద్దెలు, గ్యాస్, కర్రీ పాయింట్ కూర, అన్నీ పెరిగిపోయిన ఈ రోజుల్లో విద్యార్థులకు ఎలా సాయపడాలన్నది విషయం. మంచి విషయమే. తరగతుల్లో డిబేట్ నేర్పడానికి వెళుతుంటాను కాబట్టి నన్నూ కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన లేచి, ప్రతి తరగతిలోనూ అడిగించామని, సమస్య తాము ఊహించినంత లేదని సంతోషంగా చెప్పారు.

ఎలా అడిగించారని నేను అడిగాను. పాఠం మధ్యలో ఆపి, 'ఖర్చులకు ఇబ్బంది పడుతున్నవాళ్ళు చేతులెత్తండి' అని అడిగారట. ఎవరూ ఎత్తలేదట. ఎత్తలేదు కాబట్టి లేరట.

అది ప్రశ్న కాదని, నలుగురి ముందు నిలబెట్టడమని అన్నాను. చెయ్యి ఎత్తినవాళ్ళు సాయంత్రం ఆ తరగతివాళ్ళ ముందు ఎలా నడుచుకుంటూ వెళతారని అడిగాను. ఆయన చాలా ఓపికగా, "వాళ్ళే లేదంటుంటే మనమేం చేస్తామమ్మా? మనం అడిగాం కదా" అన్నారు. సమోసాలు వచ్చాయి. సమావేశం ముగిసింది. మినిట్స్‌లో 'ఇబ్బందులు లేవు' అని రాశారు. సమోసాలు బాగున్నాయా అని నన్ను ఎవరో అడిగితే, నూనె వాసన వస్తోందని చెప్పాను. నేను కడుపు నిండినదాన్ని, వంక పెట్టగలను.

ఇది ఒక్క సమావేశం కథ అయితే రాసేదాన్ని కాదు. అడిగామన్న తృప్తి కోసం అడగడం మనందరికీ అలవాటైపోయింది. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడిగి, ఆ జవాబునే సాక్ష్యంగా చూపించడం డిబేట్‌లో చిన్నపిల్లలు చేసినా మేం మార్కులు కోసేస్తాం. పెద్దవాళ్ళు చేస్తే దాన్ని సర్వే అంటున్నాం. ఎన్నిసార్లు చెప్పినా వినరేమని విసుగొస్తుంది. అంతకంటే ఎక్కువ విసుగు నన్ను నేను చూసుకుంటే వస్తుంది. చెయ్యెత్తమన్నవాళ్ళకూ, పదకొండేళ్ళప్పటి నాకూ ఎంత తేడా ఉంది? ఇద్దరం నలుగురి ముందే తేల్చాలనుకున్నాం.

సొట్టపడిన ఆ బాక్సు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. వృత్తలేఖినికి ఈ రోజుకీ పేపరు ముక్క బిగించాల్సిందే. ఎవరినైనా ఏదైనా అడగబోయే ముందు ఒకసారి దాని వంక చూస్తాను. నేను అడగబోయే మాట నిజానికి చోటిస్తుందా, అబద్ధానికి దారి చూపిస్తుందా అని తేల్చుకుంటాను. అన్నిసార్లూ గెలుస్తానని చెప్పను. కొన్నిసార్లు నోరు మగ్గంలాగే ఆడుతుంది.

మీరు ఉపాధ్యాయులైతే ఇక ఎవరినీ చెయ్యెత్తమనకండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ఇంటి యజమానులైతే మీ షరతులు మళ్ళీ ఒకసారి చదవండి. వసారాలో ఒక పెద్ద గంజుకు చోటు చూడండి. ఇవేవీ కాకపోయినా, మీ మేడ మీదో పక్కింట్లోనో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఉండే ఉంటారు. ఈ సాయంత్రం వాళ్ళను పిలిచి 'ఏం కూర?' అని అడగండి. ఉప్పు ఎక్కువైందంటే నవ్వి పంపించేయండి. మంచిగైందంటే మాత్రం నమ్మకండి, దయచేసి మెట్లెక్కి వెళ్ళి చూడండి.